సత్యానందం విన్న చెయ్యి

నేను చదివింది చిలుకూరు వీధిబడిలో. పలకతో మొదలై ఎక్కాలతో ముగిసిన చదువు. ఆ చదువుతోనే సర్కారు బస్సుకు కండక్టరునయ్యాను, యూనియనుకు కార్యదర్శినయ్యాను, తర్వాత ఊరికి సర్పంచినీ అయ్యాను. చిలుకూరు నుంచి కోదాడకు కంకర రోడ్డు పడిందన్నా, బడికి కొత్త గదులు లేచాయన్నా ఆ కాగితాల మీద మొదటి సంతకం నాదే. నాకు శాలువాలు కప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా పైన ఏది పెడతావని అడిగితే, ఒక కార్డు ముక్కను సరిహద్దు దాటించడం అంటాను. ఆ కార్డు రాసినవాడు సూర్యాపేట సత్యానందం. చదువుకున్నవాళ్లు ఎవరైనా ఆయన గురించి రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

సత్యానందానికి సూర్యాపేటలో బెజవాడ రోడ్డు మీద, బస్సులు ఆగేచోటికి ఎదురుగా చిన్న దుకాణం ఉండేది. గడియారాలు, గ్రామఫోన్లు బాగుచేసేవాడు. పటాలం నుంచి వచ్చి ఏళ్లు గడిచినా ఖాకీ నిక్కరు వదల్లేదు. ఎండాకాలం కూడా బూట్లు వేసుకునేవాడు. మాట కరుకు, మనసు మెత్తన. పెద్ద యుద్ధం మొదలైన మరుసటి ఏడు ఆయనా, మిర్యాలగూడ పక్క వేములపల్లి పౌలూ కలిసి సికింద్రాబాదు వెళ్లి పటాలంలో చేరారు. జబల్‌పూరులో ఇద్దరికీ తంతి పని నేర్పారు. చుక్కలు, గీతలు కొట్టి కబుర్లు పంపే పని అది. నేర్చుకున్నాక సత్యానందాన్ని ఇరాకు ఎడారికి, పౌలును మలయాకు పంపారు. జపానువాళ్లు సింగపూరు పట్టుకున్న తర్వాత పౌలు సంగతి తెలియలేదు. "కనబడుట లేదు" అని ఇంటికి ఒక కాగితం వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా పటాలంవాళ్లది అదే జవాబు.

యుద్ధం అయిపోయాక సత్యానందం తిరిగొచ్చి, సికింద్రాబాదులో పటాలం పాత సామాన్లు అమ్మేచోట ఒక రేడియో కొన్నాడు. మామూలు రేడియో కాదది. ఇనప్పెట్టె, దాని కింద మోటారు బ్యాటరీ, చెవులకు తగిలించుకునే రెండు గిన్నెలు. పోలీసు చర్య తర్వాత మిలిటరీవాళ్లు వచ్చి అడుగుతారని, రేడియో వినడానికిచ్చిన లైసెన్సు కాగితానికి అద్దం కట్టించి, క్రీస్తు పటం పక్కనే వేలాడదీశాడు.

నా బస్సు సూర్యాపేటలో ఆగినప్పుడల్లా ఆ దుకాణంలో దూరేవాణ్ణి. చెవులకు గిన్నెలు పెట్టుకొని ఆయన నవ్వుతుంటే ఏం విని నవ్వుతున్నాడో తెలుసుకోవాలని నాకు మహా ఉబలాటం. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. దేశదేశాల్లో కొందరు సొంతంగా స్టేషను పెట్టుకొని, లైసెన్సు తీసుకొని, సరదాకి అవే చుక్కలూ గీతలతో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారట. కూలీ లేదు, వ్యాపారం లేదు. మాటలు అయ్యాక ఇద్దరూ ఒకరికొకరు అచ్చువేసిన కార్డు పంపుకోవాలట. ఫలానా తేదీన, ఫలానా గంటకు మీ మాట నాకు ఇంత స్పష్టంగా అందింది అని దాని మీద రాస్తారు. కార్డు చేతికి అందితేనే ఆ కలయిక లెక్కలోకి వస్తుంది.

"కార్డు దేనికన్నా? మాట్లాడుకున్నరు గదా, అయిపాయె," అన్నాను.

"మరి నువ్వు టికెటు ఎందుకిస్తవ్ సైదులూ? మనిషి బస్సుల కూసున్నడు గదా, అయిపాయె," అన్నాడు.

సత్యానందానికి మాట పంపే యంత్రం లేదు, పంపడానికి లైసెన్సూ లేదు. వినడం ఒక్కటే. వినేవాళ్లు కూడా కార్డు పంపవచ్చు. మిమ్మల్ని విన్నాను అని రాస్తే, నిజమే, మీరు విన్నది నన్నే అని అవతలివాడు తన కార్డు పంపుతాడు. పంపకపోతే మర్యాద తప్పినట్టు. సత్యానందం తన పేరు, ఊరు అచ్చు వేయించుకొని బొంబాయికి, సిలోనుకు ఎన్నో కార్డులు వేశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. "మర్యాద తెల్వని మనుషులు. సముద్రాల అవతలికి మాట్లాడుతరు, ఒక్క కార్డు రాయ చేతగాదు," అని తిట్టుకునేవాడు.

నలభై తొమ్మిది సంక్రాంతి పోయిన తర్వాత ఒక సాయంత్రం దుకాణంలోకి వెళితే ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"సైదులూ, పౌలు చెయ్యి ఇన్న," అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. చుక్కలూ గీతలూ అందరికీ ఒక్కటే అయినా కొట్టే చెయ్యి ఒక్కటి కాదట. ఒకడు తొందరగా కొడతాడు, ఒకడు నడుమ ఊపిరి తీసుకున్నట్టు ఆగుతాడు. నడక చూసి దూరం నుంచే మనిషిని ఆనవాలు పట్టినట్టు, అలవాటైనవాడు చెయ్యి విని మనిషిని చెబుతాడు. పౌలు ప్రతి మాట చివరి గీతనూ ముడివేసి లాగినట్టు కొంచెం సాగదీసేవాడట. దానికి జబల్‌పూరులో దెబ్బలు కూడా తిన్నాడు, అయినా మానుకోలేదు. ఇప్పుడు మలయా నుంచి మాట్లాడే ఒక స్టేషనులో అదే చెయ్యి వినపడుతోంది. రెండు మూడు సాయంత్రాలు విన్నాడు. ఆ స్టేషనువాడు మాట్లాడేది పాత స్నేహితులతో గనుక తన పేరు చెప్పుకోవడం లేదు. స్టేషను గుర్తు అక్షరాలు మాత్రం పట్టుకున్నాడు. ఆ దేశపు రేడియో సంఘం టపా పెట్టె నంబరు ఒక పాత పత్రికలో దొరికితే, దానికి కార్డు రాసి సూర్యాపేటలోనే టపాలో వేశాడు.

"ఏసమ్మకు చెప్పినవా?" అని అడిగాను. ఏసమ్మ పౌలు భార్య.

"కార్డు రానీ. ఊకె ఆశపెట్టి ఏం జేస్త?"

కానీ కార్డు కంటే ముందు ఇంకో సంగతి వచ్చిపడింది. ఏసమ్మకు మళ్లీ పెండ్లి కుదిరింది. కుదిర్చింది ఎవరో కాదు, పౌలు తల్లి దేవమ్మే. పెండ్లికొడుకు గురవయ్య మిర్యాలగూడ మిల్లులకు వడ్ల బండి తోలేవాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్థుడు. వాళ్ల సంఘంలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి. రెండు ప్రకటనలు అయిపోయాకగాని సత్యానందానికి తెలియలేదు. మూడో ఆదివారం పొద్దున్నే నా బస్సెక్కాడు. ఆ ఏడు నన్ను కోదాడ నుంచి సూర్యాపేట మీదుగా మిర్యాలగూడ వెళ్లే రూటుకు వేశారు. వేములపల్లి గుడి రోడ్డుకు ఆనుకొనే ఉంటుంది. రేడియేటరులో నీళ్లు పోయాలని డ్రైవరు బండి ఆపాడు. నేను దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను.

పాస్టరు దానియేలుగారిని అందరూ అయ్యగారనే పిలిచేవారు. ఆయన "విధవరాలైన ఏసమ్మకును..." అని చదివి, అభ్యంతరం ఎరిగినవారు చెప్పవలెను అని అలవాటుగా తలెత్తాడు. వెనక వరసలో సత్యానందం లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఏసమ్మ విధవరాలో కాదో ఇంక తెల్వది. పౌలు బతికున్నడేమో."

గుడి అంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"సూసినవా?" అన్నారు అయ్యగారు.

"లేదండి. ఇన్న."

"మాట విన్నవా?"

"మాట గాదు. చెయ్యి."

"చెయ్యి ఎట్ల ఇంటరు? ఈయనకు పటాలంల తుపాకులు పేలి చెవులు పోయినట్టున్నయ్," అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

నవ్వనివాడు గురవయ్య ఒక్కడే. "జర ఆగున్రి," అన్నాడు. "నేను బండి తోలేటోన్ని. ఎద్దుల మెడగంటలు ఇని ఎవరి బండి వస్తున్నదో సూడకుండ చెప్త. అన్నా, నువ్ చెప్పేది గట్లాంటిదేనా?"

"గట్లాంటిదే."

"అయితే ఆగాలె," అని కూర్చున్నాడు.

దేవమ్మ మాత్రం ఊరుకోలేదు. లేచి సత్యానందం ముందుకు వచ్చింది. "నా కొడుకు సచ్చిండని చెప్పు బిడ్డా, లేకుంటె బతికిండని చెప్పు. ఇన్నేండ్లు నడిమిట్ల నిలబడ్డం. కాళ్లు నొస్తున్నయ్. మల్ల నడిమిట్లనే నిలబెట్టకు."

అయ్యగారు చేతిలోని ప్రకటన కాగితం మడిచారు. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే లెంటు దినాలు వస్తున్నాయి, ఆ రోజుల్లో ఎటూ పెండ్లిళ్లు చేయరు. "ఈస్టరు దాకా ఆగుత. అప్పటికి నీ కార్డు వస్తే సరే. రాకుంటే మూడో ప్రకటన చదువుత," అన్నారు.

బయటికి వచ్చాక ఏసమ్మ సత్యానందం దగ్గరికి వచ్చింది.

"నీకెంత నమ్మకమన్నా?"

"రూపాయిల పన్నెండణాలు."

"మిగిలిన నాలుగణాలు ఎప్పుడొస్తయ్?"

"కార్డొచ్చినంక."

మరుసటి వారం నేను దుకాణానికి వెళ్లేటప్పటికి సత్యానందం ఇంకో కార్డు రాసి పెట్టాడు. మొదటిది వేసి నెల దాటినా జవాబు లేదని రెండోది రాశాడు. పౌలు బతికున్నాడా అని సూటిగా ఉత్తరమే రాయమన్నారు అయ్యగారు. సత్యానందం ఒప్పుకోలేదు. తెలియనివాళ్ల ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఎవరూ తప్పుపట్టరు, కార్డుకు మాత్రం రాసి తీరాలి అన్నాడు. తేదీ, సమయం, ఎంత గట్టిగా వినపడిందీ రాసి, కింద మిగిలిన జాగాలో "మీ చెయ్యి నాకు తెలిసిన చెయ్యిలా ఉంది. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని ఇంగ్లీషులో రాశానని నాకు చదివి చెప్పాడు.

కార్డు తిప్పి చూశాను. మూలన నిజాం స్టాంపు అంటించి ఉంది.

"అన్నా, ఈ స్టాంపు కోదాడ దాటదు," అన్నాను.

"ఏంది?"

"మా మేనమామది సరిహద్దు అవతలి జగ్గయ్యపేట. ఈ స్టాంపేసి ఉత్తరం రాస్తే ఆయనకే చేరదు, మలయాకేం పోతుంది? పోలీసు చర్య అయినా టపా ఇంకా నిజాందే, మన స్టాంపు మన రాజ్యంలోనే చెల్లుతుంది. అవతలికి పోవాలంటే ఇండియా స్టాంపు అంటించి, అవతల టపాలోనే వెయ్యాలి. మా కోదాడ వైపు ఆడపడుచుల్ని అటిచ్చినవాళ్లందరికీ ఇది తెలుసు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. పటాలంలో ఉన్నన్నాళ్లూ స్టాంపు లేకుండానే ఉత్తరాలు పోయేవి. తిరిగొచ్చాక సూర్యాపేట దాటి ఉత్తరం రాయవలసిన చుట్టాలు లేరు. ఆ సంగతి ఆయనకు తెలిసే దారే లేకపోయింది.

"మరి బొంబాయికి ఏసినయ్?"

"ఏ సంచిలో నిద్రపోతున్నాయో."

"సిలోనుకు?"

"అవీ అంతే."

కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "రెండేండ్ల సంది లోకాన్నంతా తిట్టిన సైదులూ. ఒక్కనికీ నా కార్డు అందనే లేదాయె."

ఆ కార్డు నేనే పట్టుకుపోయాను. కోదాడలో బస్సు అప్పజెప్పి, అవతలికి పోయే లారీ ఎక్కి, జగ్గయ్యపేటలో ఇండియా స్టాంపు కొని, నా చేత్తో టపాలో వేశాను. జవాబు రావడానికి మా మేనమామ మంగయ్య బట్టల కొట్టు చిరునామా ఇచ్చాం.

ఇక అప్పటి నుంచి నాకు మూడు ఊళ్లలోనూ ఊపిరాడలేదు. కోదాడలో బస్సెక్కినవాడు, సూర్యాపేటలో దిగినవాడు, మిర్యాలగూడ మిల్లుల ముందు మూటలు మోసేవాడు, అందరిదీ ఒకటే మాట. "కండక్టరూ, కార్డొచ్చిందా?" పౌలు అక్కడ పెండ్లి చేసుకున్నాడని ఒకరు, మతి పోయి ఊరి పేరు మరిచాడని ఒకరు, ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. గురవయ్య రోడ్డు మీద బండి పక్కకు తీసి, నా బస్సు దాటుతుంటే తలెత్తి చూసేవాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపేవాణ్ణి. ఎద్దులను అదిలించి పోయేవాడు.

ఈస్టరుకు ముందు వారంలో మామ కబురు పంపాడు. నేను పోయేసరికి కవరు చింపి ఉంది. "ఇంగ్లీషు రాకపోతే మాత్రం, లోపల ఏముందో చూడొద్దట్రా?" అన్నాడు మామ. లోపల ఒకటి కాదు, రెండు కార్డులు. ముందువైపు ఎర్రటి పెద్ద అక్షరాలు, పక్కన రబ్బరు చెట్టు బొమ్మ. వెనక మామూలుగా తేదీలూ అంకెలూ ఉండవలసిన చోటు కూడా వదలకుండా చీమల బారులా సన్నటి రాత. ఒకటి చాలక రెండోదీ నింపాడన్నమాట.

కోదాడ నుంచి సూర్యాపేట దాకా ఆ కార్డులు నా తోలుసంచిలో ఉన్నాయి. ముందు సీటులో ఒక ఆఫీసరు కూర్చున్నాడు, ఇంగ్లీషు పేపరు చదువుతున్నాడు. "ఏమిటవి? ఇలా ఇవ్వు, చదివి చెబుతాను," అన్నాడు. ఎవరి పేరున వచ్చిందో వాళ్లు చదవకముందు ఇవ్వనన్నాను. ఆయనకు కోపం వచ్చింది, రానిచ్చాను. నాకు ఇంగ్లీషు చదవడం రాదుగాని బండి నంబర్ల పుణ్యమా అని పెద్దక్షరాలు తెలుసు. టికెట్లు కొట్టడం అయ్యాక వెనక సీటులో కూర్చొని పౌలు పేరు మొదటి అక్షరం పీ కోసం వెతికాను. సంతకం దగ్గర పీ లేదు, ఎస్ ఉంది. కానీ రాత మధ్యలో పీ మళ్లీ మళ్లీ కనపడుతోంది. రాసింది పౌలు కాదు, రాసిందంతా పౌలు గురించే. అంతవరకు అర్థమైంది. అక్కడి నుంచి సూర్యాపేట చేరేవరకు నాకు దారి కనపడలేదు.

సత్యానందం నిలబడే మొదలుపెట్టి, రెండో కార్డు దగ్గర కూర్చొని చదివాడు. తర్వాత నాకు చెప్పాడు. రాసినవాడు సెల్వదురై అనే అరవాయన, మలయాలో జొహోరు వైపు రబ్బరు తోటలో గుమాస్తా. జపానువాళ్ల కాలంలో ఖైదీలైన మన సిపాయిలను ఆ తోటలో చెట్లు కొట్టడానికి పెట్టారు. వాళ్లలో పాల్ అనే ఒకడు, రబ్బరు పాలు పట్టే గిన్నె మీద పుల్లతో కొట్టి ఆయనకు ఈ విద్య నేర్పాడు. కావలివాళ్లు చూస్తే తాళం వేస్తున్నామనేవారట. నలభై నాలుగులో ఆ పాల్ జ్వరం వచ్చి చనిపోయాడు. తోట చివర సమాధి చేసి, కర్రతో సిలువ నాటింది సెల్వదురైయే. తల్లి దేవమ్మ, భార్య ఏసమ్మ అని చెప్పేవాడు, ఊరు మిర్యా అని మొదలవుతుందని మాత్రం గుర్తు, పటంలో వెతికితే దొరకలేదు అని రాశాడు. నా చెయ్యి ఇంకొకరి చెయ్యిలా ఉందని ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు అనీ రాశాడు.

"చెయ్యి అదే సైదులూ," అన్నాడు సత్యానందం. "మనిషే కాదు."

ఆ మధ్యాహ్నమే దుకాణం మూసి నాతో వేములపల్లి వచ్చాడు. గురవయ్య కూడా బండి విప్పేసి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. సత్యానందం కార్డు చదువుతూ తెలుగులో చెబుతుంటే దేవమ్మ నేల వైపే చూస్తూ విన్నది.

"సిలువ పెట్టిండా ఆయన?" అని అడిగింది.

"పెట్టిండమ్మా."

"మంచిది. దిక్కులేకుండ పోలే నా కొడుకు."

ఏసమ్మ గడప దగ్గర కూర్చొని ఉంది. అత్త వైపు తిరిగింది. "ఇగ నేను ఏడ్వొచ్చునా అత్తమ్మా?"

ఏడేండ్లలో ఆమె ఏడవలేదట. ఏడిస్తే మనిషి పోయినట్టే అని దేవమ్మ ఏడవనిచ్చేది కాదు. ఇప్పుడు దేవమ్మే ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. మేం ముగ్గురం రోడ్డు మీదికి వచ్చేశాం.

"అయ్యగారికి చెప్పన్నా," అన్నాడు గురవయ్య. "ముందు పౌలుకు ప్రార్థన చెయ్యాలె. ప్రకటన పంటలు ఇంటికి వచ్చినంక సూద్దాం. నేను యాడికి పోత?"

ఈస్టరు వెళ్లిన వారంలో గుడిలో పౌలు పేరున ప్రార్థన జరిగింది. నేను కూడా వెళ్లాను. ఆ తర్వాత ఏసమ్మ తనకు ఆ చప్పుడు వినాలని ఉందన్నది. దేవమ్మ, గురవయ్య, ఆమె ముగ్గురూ నా బస్సులోనే సూర్యాపేట వచ్చారు. పొద్దు వాలుతున్నప్పుడు సత్యానందం రేడియో మీట తిప్పుతూ కూర్చున్నాడు. గరగరలు, ఈలలు, ఏదో దేశపు పాట. చివరికి చెయ్యెత్తి, గిన్నెలు తీసి ముందు దేవమ్మ చెవులకు పెట్టాడు.

"గింతేనా?" అన్నది దేవమ్మ కాసేపు విని. "పిట్ట చెట్టును పొడుస్తున్నట్టున్నది." అయినా వెంటనే ఇవ్వలేదు.

ఏసమ్మ పెట్టుకొని కళ్లు మూసుకుంది. ఆమెకు చుక్క తెలియదు, గీత తెలియదు. అవతలివాడు మాట ముగించేవరకూ కదల్లేదు. గిన్నెలు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"అన్నా, ఆయనకు కార్డు రాయి."

"ఏమని రాయాలమ్మా?"

"ఏసమ్మ ఇన్నదని రాయి."

సత్యానందం కొత్త కార్డు తీసి తేదీ వేశాడు, గడియారం చూసి సమయం రాశాడు. ఎంత స్పష్టంగా వినపడిందో రాసేచోట ఆగి, ఆమెను అడిగాడు. బాగా ఇనొచ్చింది అన్నది. స్పష్టతకు వేసే అంకెల్లో అన్నిటికన్నా పెద్దది వేశాడు. విన్నవారి పేరు దగ్గర తన పేరు కొట్టేసి ఆమె పేరు రాశాడు. ఆ కార్డు కూడా జగ్గయ్యపేటలో నేనే వేశాను. సెల్వదురై జవాబుకు ఈసారి చాలా నెలలు పట్టింది. అది వచ్చేటప్పటికి ఏసమ్మకూ గురవయ్యకూ పెండ్లయి నెల కావస్తోంది, దేవమ్మ వాళ్లతోనే ఉంటోంది. బస్సు ఆపి, ఏసమ్మ పేరునే వచ్చిన ఆ కార్డు గురవయ్య ఇంటి ముందు ఆమె చేతికే ఇచ్చాను.